చుక్కలకు లోతు కట్టడం: త్రీడీ గ్రాఫిక్స్‌లో ఖగోళంపై పాఠకుల ప్రశ్నలు

రెండు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. నక్షత్రాల పట్టికలను, చంద్రుడి కొలతలను, గ్రహాల దూరాలను బ్లెండర్ వంటి త్రీడీ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, తెరమీద ఆకాశాన్ని కట్టుకోవాలని ప్రయత్నిస్తున్నవారు మన గోదావరి డెల్టాలో ఇంతమంది ఉన్నారని నేను అనుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ప్రశ్నలకే కేటాయించాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాను, పెద్ద ఉత్తరాలను కుదించాను.

ప్రశ్న: మాస్టారూ, నక్షత్రాల పట్టికలో విషువాంశ, క్రాంతి, పారలాక్స్ అని మూడు అంకెలు ఉన్నాయి. బ్లెండర్ మాత్రం ఎక్స్, వై, జెడ్ అడుగుతోంది. వాటి నుంచి వీటిని ఎలా రాబట్టాలి? ఒక్కో చుక్కకు ఒక్కో గోళం పెట్టుకుంటూ పోతే, కొన్ని వేలు దాటేసరికి కంప్యూటర్ కదలడం మానేసింది. దీనికి మార్గం చెప్పండి.
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: మీరు చేయబోయేది సర్వేయర్ పనికి దగ్గరి పని. ఏటిగట్టు మీద నిలబడి చూసినప్పుడు ఒక కొబ్బరిచెట్టు ఏ దిక్కున ఉందో, దాని మొవ్వు కంటికి ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తోందో, ఎంత దూరంలో ఉందో తెలిస్తే, దాని చోటును పటంలో గుర్తించవచ్చు. ఆకాశంలో ఆ దిక్కు పని విషువాంశ చేస్తుంది, ఎత్తు పని క్రాంతి చేస్తుంది, దూరాన్ని పారలాక్స్ ఇస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నప్పుడు దగ్గరి చుక్క వెనకనున్న దూరపు చుక్కల మధ్య కాస్త అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుబాటులో సగం కోణమే పారలాక్స్. పట్టికల్లో దాన్ని సాధారణంగా మిల్లీ ఆర్క్‌సెకన్లలో (డిగ్రీలో 3600వ వంతు ఆర్క్‌సెకను, అందులో వెయ్యోవంతు ఇది) ఇస్తారు కాబట్టి, 1000ని ఆ అంకెతో భాగిస్తే దూరం పార్సెక్కుల్లో వస్తుంది. ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు.

స్వాతి నక్షత్రాన్ని తీసుకొని ఒకసారి లెక్క కట్టి చూద్దాం. దాని విషువాంశ 14 గంటల 15 నిమిషాల 39.7 సెకన్లు. గంటకు 15 డిగ్రీల చొప్పున అది 213.915 డిగ్రీలు అవుతుంది. క్రాంతి ఉత్తరంగా 19.18 డిగ్రీలు. పారలాక్స్ 88.83 మిల్లీ ఆర్క్‌సెకన్లు కాబట్టి దూరం 11.26 పార్సెక్కులు, అంటే 36.7 కాంతి సంవత్సరాలు. దూరాన్ని క్రాంతి కొసైన్‌తోనూ విషువాంశ కొసైన్‌తోనూ గుణిస్తే ఎక్స్ వస్తుంది. దూరాన్ని క్రాంతి కొసైన్‌తోనూ విషువాంశ సైన్‌తోనూ గుణిస్తే వై వస్తుంది. దూరాన్ని క్రాంతి సైన్‌తో గుణిస్తే జెడ్ వస్తుంది. స్వాతికి ఇవి వరుసగా -8.83, -5.93, 3.70. ఈ మూడింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే మళ్లీ 11.26 రావాలి, రాకపోతే ఎక్కడో తప్పు చేసినట్టే. ఆ తప్పు పదింట తొమ్మిదిసార్లు ఒకటే: పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోనూ స్ప్రెడ్‌షీట్‌లోనూ సైన్, కొసైన్‌లు కోణాన్ని రేడియన్లలో అడుగుతాయి, మనం డిగ్రీలు ఇచ్చేస్తాం. బ్లెండర్‌లో ఒక యూనిట్‌ను ఒక పార్సెక్‌గా పెట్టుకుంటే ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టే వాడుకోవచ్చు.

ఈ లెక్క ఒకసారి చేతితో చేసి నేర్చుకున్నాక, లక్ష చుక్కలకు మళ్లీ మళ్లీ చేయనక్కరలేదు. హెచ్‌వైజీ అనే ఉచిత పట్టికలో సుమారు 1,20,000 నక్షత్రాలకు ఎక్స్, వై, జెడ్‌లు పార్సెక్కుల్లో ముందే కట్టి ఇచ్చారు. అయితే అందులో ఒక చిక్కు ఉంది. పారలాక్స్ దొరకని, లేదా నమ్మదగని నక్షత్రాలకు దూరం గడిలో 1,00,000 అని ఒక గుర్తు వేశారు. అది కొలత కాదు. ఆ వరుసలను ముందే తీసేయకపోతే మీ బొమ్మ చుట్టూ దూరాన ఒక పలుచని చుక్కల బుడగ ఏర్పడుతుంది, దాన్ని చూసి కొత్త సంగతేదో కనిపెట్టామని సంబరపడే ప్రమాదం కూడా ఉంది.

ఇక కంప్యూటర్ మొరాయించడానికి కారణం చుక్కల సంఖ్య కాదు. ప్రతి గోళాన్నీ మీరు ఒక విడి వస్తువుగా చేశారు, అదే అసలు బరువు. వస్తువుకొక పేరు, వస్తువుకొక చోటు, వస్తువుకొక లెక్క పెట్టుకోవలసి వచ్చేసరికి బ్లెండర్ నీరసపడుతుంది. పైథాన్‌తో ఒకే ఒక మెష్ (బిందువుల అల్లిక) చేసి, అందులో ప్రతి నక్షత్రాన్నీ ఒక శీర్షబిందువుగా పెట్టండి. ఆ బిందువులకే మాగ్నిట్యూడ్‌ను (నక్షత్ర ప్రకాశాన్ని చెప్పే అంకె), రంగు సూచికను ఆట్రిబ్యూట్లుగా, అంటే బిందువు వెంట ఉండే వివరాలుగా తగిలించండి. తరవాత జామెట్రీ నోడ్స్‌లో (ఆకారాలను సూత్రాలతో కట్టే బ్లెండర్ భాగం) ఆ బిందువుల మీద ఒకే చిన్న గోళాన్ని ఇన్‌స్టాన్స్‌గా, అంటే తేలికపాటి నకళ్లుగా పరిస్తే, లక్ష చుక్కలైనా మామూలు కంప్యూటర్ మోయగలుగుతుంది. గోళం పరిమాణాన్ని మాగ్నిట్యూడ్‌తో మార్చేటప్పుడు, ఆ స్కేలులో అయిదు మెట్లకు కాంతి 100 రెట్లు మారుతుందని గుర్తుంచుకోండి. గోళం వ్యాసాన్ని నేరుగా 100 రెట్లు పెంచితే ఒక్క లుబ్ధకుడే (సిరియస్ నక్షత్రం) తెరనంతా మింగేస్తాడు.

మొదటి ప్రయత్నానికి సప్తర్షి మండలాన్ని తీసుకోమని నా సలహా. ఏడు చుక్కలే కాబట్టి తప్పు జరిగితే వెంటనే కనబడుతుంది, ఫలితం కూడా ముచ్చటగా ఉంటుంది. పులహ, పులస్త్య, అత్రి, అంగిరస, వసిష్ఠ అనే అయిదు నక్షత్రాలు మననుంచి దాదాపు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఒకదానికొకటి దగ్గరగా ఉండి, కలిసి ప్రయాణిస్తున్నాయి. ఒక చివరనున్న మరీచి దాదాపు 104, మరో చివరనున్న క్రతువు దాదాపు 123 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. కెమెరాను సూర్యుడి చోటి నుంచి పక్కకు నడిపిస్తే నడిమి అయిదూ గుంపుగానే ఉంటాయి, కొసలు రెండూ విడిపోతాయి. రాత్రివేళ రేవులో నిలబడి చూస్తే అవతలి లంకలో వెలిగే దీపమూ, నడి ఏట్లో పడవలోని లాంతరూ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి కదా, ఇదీ అలాంటిదే. మరో సంగతి: మన గోదావరి ఏడు పాయలకూ ఋషుల పేర్లే ఉన్నా, నదిలోని ఏడుగురూ ఆకాశంలోని ఏడుగురూ ఒకటి కారు. గౌతముడు, భరద్వాజుడు, కౌశికుడు నీళ్లలోనే ఉన్నారు. రెండు జాబితాల్లోనూ చోటు దొరికినవారు వసిష్ఠుడు, అత్రి మాత్రమే.

ప్రశ్న: గయా ఉపగ్రహం 180 కోట్ల నక్షత్రాలను కొలిచిందని చదివాను. అలాంటప్పుడు 1997 నాటి హిప్పార్కస్ ఉపగ్రహ పట్టికతో ఎందుకు తంటాలు పడాలి? ఇంకొక సందేహం. ఆ పాత పట్టికతోనే మా విద్యార్థులు కృత్తికలను గీశారు. ముందునుంచి చూస్తే పిల్లలకోడి చక్కగా ఉంది, పక్కనుంచి చూస్తే మాత్రం గుంపంతా మనవైపు చాచిన కర్రలా పొడుగ్గా సాగింది. ఇది నిజమా?
– గణిత ఉపాధ్యాయుడు, నరసాపురం

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మొదటిదానికి జవాబు అందులోనే ఉంది. ఆ కర్ర నిజం కాదు, అది కొలతలోని పొరపాటు వేసుకున్న వేషం.

కృత్తికల పారలాక్స్ దాదాపు 7.35 మిల్లీ ఆర్క్‌సెకన్లు, దూరం దాదాపు 136 పార్సెక్కులు. హిప్పార్కస్ పట్టికలో ఒక్కో నక్షత్రానికి ఒక మిల్లీ ఆర్క్‌సెకను అటూ ఇటూ తేడా ఉండటం మామూలు. 7.35కు ఒకటి కలిపి భాగిస్తే దూరం 120 పార్సెక్కులు వస్తుంది, ఒకటి తీసేసి భాగిస్తే 157 వస్తుంది. గుంపు నడిబొడ్డు వెడల్పు కొన్ని పార్సెక్కులకు మించదు. కానీ ఒక్క మిల్లీ ఆర్క్‌సెకను తడబాటు దాన్ని లోతులో 37 పార్సెక్కుల దాకా సాగదీసింది. దిక్కును మనం చాలా కచ్చితంగా కొలవగలం, దూరాన్ని కొలవలేం, కాబట్టి సాగుడంతా చూపు వెంబడే జరుగుతుంది. అందుకే మీ కర్ర సూటిగా మనవైపే చూస్తోంది. ఆకాశంలో ఏ ఆకారమైనా భూమివైపు వేలు చూపిస్తున్నట్టు కనిపిస్తే ముందు అనుమానించవలసింది కొలతనే. ఇంకొక మెలిక కూడా గమనించండి. కలిపినప్పుడు దూరం 16 పార్సెక్కులు తగ్గింది, తీసేసినప్పుడు 21 పెరిగింది. తలకిందులు చేసి భాగించడంలో పొరపాటు రెండువైపులా సమంగా పంచుకోదు, దూరంవైపు ఎక్కువ మొగ్గుతుంది. ఇది మీ తరగతిలో చెప్పదగిన మంచి లెక్క.

కృత్తికల దూరం విషయంలో పెద్దలే తగాదా పడ్డారు. హిప్పార్కస్ కొలతలన్నిటినీ కలిపి సగటు తీస్తే 120 పార్సెక్కుల చుట్టుపక్కల వచ్చింది. ఇతర పద్ధతులు 135 దాటి చెప్పాయి. 2014లో దూరదూరాన ఉన్న రేడియో దుర్భిణులను కలిపి చేసిన కొలత 136 పార్సెక్కులని తేల్చింది, ఆ తరవాత గయా కూడా ఆ పక్కనే నిలిచింది. గయా పట్టికలో కృత్తికల్లోని సాధారణ నక్షత్రానికి పొరపాటు ఒక మిల్లీ ఆర్క్‌సెకనులో కొన్ని వందోవంతులే కాబట్టి, దానితో గీస్తే మీ కర్ర ముడుచుకుని మళ్లీ గుంపు అవుతుంది.

అంతమాత్రాన పాత పట్టికను అవతల పారేయకూడదు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2013 డిసెంబరులో పంపిన గయా మసక చుక్కల కోసం పుట్టింది. కంటికి మిరుమిట్లు గొలిపే నక్షత్రాలు దాని కెమెరాను ముంచెత్తేసేవి. మూడో మాగ్నిట్యూడ్ కన్నా ప్రకాశవంతమైన వాటి విషయంలో దాని అంకెలు అంత నమ్మకమైనవి కావు, కొన్ని అసలు ఉండవు. మన పంచాంగంలో పేరున్న చుక్కలు చాలావరకు ఈ కోవలోవే. అందువల్ల కంటికి కనిపించే ఆకాశాన్ని కట్టేవారు ప్రకాశవంతమైన చుక్కలను హిప్పార్కస్ నుంచి, మిగతావాటిని గయా నుంచి తెచ్చి కలుపుకోవడం మేలు. కలిపేటప్పుడు హిప్పార్కస్ అంకెలు 1991 నాటి స్థానాలని, గయా మూడో విడుదలవి 2016 నాటివని మరవకండి. చాలా చుక్కలకు ఈ పాతికేళ్లలో వచ్చిన తేడా కంటికి ఆనదు. కానీ ఏటా 10 ఆర్క్‌సెకన్లకు పైగా పరుగెత్తే బార్నార్డ్ నక్షత్రం వంటివి ఒకే బొమ్మలో రెండుచోట్ల ప్రత్యక్షమవుతాయి.

గయా పట్టికలో రుణ పారలాక్స్‌లు కనిపించినా కంగారుపడవద్దు. చాలా దూరపు చుక్కల విషయంలో పొరపాటు కొలత కన్నా పెద్దదైనప్పుడు అంకె సున్నాకు కిందికి జారుతుంది. అటువంటివాటిని భాగించి దూరం తీయకూడదు. పారలాక్స్ దాని పొరపాటుకు కనీసం పది రెట్లు ఉన్న నక్షత్రాలను మాత్రమే ఉంచుకోమని విద్యార్థులకు నేను చెబుతాను. మొత్తం గెలాక్సీని గీయాలనుకునేవారికి ఈ జల్లెడ మరీ సన్నం. వారు కోరిన్ బైలర్ జోన్స్ బృందం సంభావ్యతతో అంచనా కట్టి 2021లో ప్రచురించిన దూరాలను వాడుకోవచ్చు.

ప్రశ్న: నక్షత్రాలకు ఎరుపు, నీలం, పసుపు రంగులు వేస్తే పిప్పరమెంట్లు చల్లినట్టుంది. సహజమైన రంగు ఎలా వస్తుంది?
– చిత్రలేఖనం ఉపాధ్యాయురాలు, ముమ్మిడివరం

జవాబు: రంగులను మీరు ఎంచవద్దు, ఉష్ణోగ్రతను ఎంచుకోనివ్వండి. బ్లెండర్‌లో బ్లాక్‌బాడీ అనే నోడ్ ఉంది. దానికి కెల్విన్ అంకె ఇస్తే, అంత వేడిలో మెరిసే వస్తువు రంగును అదే ఇస్తుంది. పట్టికలోని రంగు సూచిక నుంచి ఉష్ణోగ్రత రాబట్టడానికి ఒక సులువైన సూత్రం ఉంది. సూచికను 0.92తో గుణించి, వచ్చినదానికి ఒకసారి 1.7, మరొకసారి 0.62 కలపండి. ఆ రెండు అంకెలతోనూ విడివిడిగా ఒకటిని భాగించి, వచ్చినవాటిని కూడి, 4600తో గుణించండి. స్వాతి సూచిక 1.23 కాబట్టి దాదాపు 4,250 కెల్విన్ వస్తుంది, అది లేత నారింజ రంగు. పుస్తకాలన్నీ ఎర్రనిదని రాసే ఆర్ద్ర కూడా దాదాపు 3,500 కెల్విన్ దగ్గర నారింజగానే వస్తుంది. ఈ పద్ధతిలో కుంకుమ రంగు నక్షత్రం మీకు దొరకదు, ఆకుపచ్చ నక్షత్రం అంతకన్నా దొరకదు.

ప్రశ్న: నా బొమ్మలో ధ్రువుడు నడినెత్తిన నిలబడ్డాడు. మా డాబా మీద నుంచి చూస్తే ఉత్తరాన కొబ్బరిచెట్ల తలల దగ్గర ఉంటాడు. ఎక్కడ తప్పాను?
– విశ్రాంత ఉద్యోగి, రాజోలు

జవాబు: మీరు తప్పలేదండీ, ఉత్తర ధ్రువం మీద నిలబడి చూస్తున్నారు, అంతే. పట్టికలోని జెడ్ అక్షం ఖగోళ ఉత్తర ధ్రువంవైపు చూస్తుంది. రాజోలు అక్షాంశం దాదాపు 16.5 డిగ్రీలు కాబట్టి మీ ఊళ్లో ధ్రువుడు అంతే ఎత్తున ఉండాలి. చుక్కలన్నిటినీ ఒక ఎంప్టీకి (బొమ్మలో కనిపించని, పట్టి తిప్పడానికి వాడే వస్తువు) కట్టి, ఆ ఎంప్టీని ఎక్స్ అక్షం చుట్టూ -73.5 డిగ్రీలు తిప్పితే, వై ఉత్తరం, ఎక్స్ తూర్పు అయ్యి ఆకాశం మీ డాబా మీదికి వస్తుంది. రాత్రి గడిచేకొద్దీ చుక్కలు కదలాలంటే లోపల ఇంకొక ఎంప్టీ పెట్టి, దాన్ని జెడ్ అక్షం చుట్టూ తిప్పండి. రెండు తిప్పుళ్లనూ ఒకే ఎంప్టీకి ఇస్తే క్రమం తారుమారై ఆకాశం ఒరిగిపోతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి నా పొరపాటు కూడా చెబుతాను. ఒకసారి ఒక పాఠశాలలో సప్తర్షులను తెరమీద గర్వంగా చూపిస్తుంటే, వేసవిలో రోజూ డాబా మీద పడుకునే ఒక చిన్నవాడు లేచి, తోక అవతలివైపు ఉండాలి కదా అన్నాడు. చుక్కలన్నిటినీ ఒక గోళం మీద అంటించి, కెమెరాను బయట పెట్టాను. బయటినుంచి చూసిన ఆకాశం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కెమెరా ఎప్పుడూ గోళం లోపల, మూలబిందువు దగ్గర ఉండాలి.

ప్రశ్న: నేను పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంటాను. సైన్స్ ప్రదర్శన కోసం నాసా వారి చంద్రుడి ఎత్తుల పటాన్ని బ్లెండర్‌లో వేస్తే, చంద్రుడు పనసకాయలా ముళ్లు ముళ్లుగా వచ్చాడు. సరిచేసేది ఎలా?
– ఫొటో స్టూడియో యజమాని, పాలకొల్లు

జవాబు: పనసకాయ పోలిక బాగుంది, కారణాన్ని కూడా అదే చెబుతోంది. 2009లో బయల్దేరిన లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్ లేజర్‌తో కొలిచిన ఎత్తులే ఆ పటంలో ఉన్నాయి. మీరు వాడిన పటం ఎత్తులను కిలోమీటర్లలో ఇస్తుంటే, 1,737.4 కిలోమీటర్ల సగటు వ్యాసార్థానికి ఎంత పైన లేదా ఎంత కింద అన్నది ప్రతి గడిలోనూ ఉంటుంది. ఎత్తుల పటం ప్రకారం ఉపరితలాన్ని పైకీ కిందికీ జరిపే డిస్‌ప్లేస్‌మెంట్ నోడ్‌లో స్కేలు మొదట 1 అని ఉంటుంది. మీ గోళం వ్యాసార్థం కూడా ఒక యూనిట్ అయితే, ఒక కిలోమీటరు ఎత్తున్న గుట్ట చంద్రుడి వ్యాసార్థమంత పొడుగు లేస్తుంది. స్కేలును 1737.4తో భాగించి 0.000576 పెట్టండి. మిడ్‌లెవెల్ 0.5 నుంచి సున్నాకు మార్చండి. ఎత్తుల పటానికి కలర్ స్పేస్‌ను నాన్-కలర్ చేయండి. చేయకపోతే బ్లెండర్ దాన్ని ఫొటోగా భావించి, కళ్లకు ఇంపుగా ఉండేందుకు చేసే గామా సర్దుబాటును ఎత్తుల మీద కూడా చేసేస్తుంది. ఫొటోలో అది మేలే, కొండల్లో అబద్ధం.

ఇలా సరిచేశాక మీకు నిరుత్సాహం కలగవచ్చు. చంద్రుడి మీద అత్యంత లోతైన గుంటకూ అత్యంత ఎత్తైన చోటుకూ మధ్య తేడా దాదాపు 20 కిలోమీటర్లు. చంద్రుణ్ణి 30 సెంటీమీటర్ల బంతిగా చేస్తే ఆ తేడా రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. అందుకే చాలామంది ఎత్తులను పెంచి చూపిస్తారు. పెంచడం నేరం కాదు, పెంచామని చెప్పకపోవడమే ఇబ్బంది. మెజెల్లన్ నౌక రాడార్ కొలతలతో చేసిన శుక్రగ్రహపు మాట్ మాన్స్ చిత్రంలో ఎత్తును 22.5 రెట్లు పెంచారు. ఆ సంగతి చిత్రం కింద రాసే ఉన్నా, చిత్రం తిరిగినంత దూరం ఆ రాత తిరగలేదు. నిజానికి చాలా మెల్లని వాలుతో విశాలంగా పరుచుకున్న ఆ అగ్నిపర్వతం, లోకం కళ్లలో నిటారు శిఖరంగా ఉండిపోయింది. మీరు మూడు రెట్లు పెంచితే, ఆ మూడు అన్న అంకెను బొమ్మలోనే, తీసేయడానికి వీలులేని చోట రాయండి.

పెంచకుండానే కొండలను పైకి తెచ్చే మార్గం మీ వృత్తిలోనే ఉంది, అది వెలుగు. ఒకే ఒక సన్ ల్యాంప్ పెట్టి, దాని కోణాన్ని అర డిగ్రీ దగ్గర ఉంచి, పక్కనుంచి కొట్టండి. వెలుగూ చీకటీ కలిసే అంచున రెండు కిలోమీటర్ల గుట్ట కూడా చాలా పొడవైన నీడ వేస్తుంది. స్టూడియో అలవాటు కొద్దీ ఎదుటివైపు నుంచి ఫిల్ లైట్ మాత్రం వేయవద్దు. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి నీడలోకి వెలుగును చెదరగొట్టేది దాదాపు ఏదీ లేదు. భూమి నుంచి తిరిగి వెళ్లే మసక వెలుగు ఒకటి ఉంది గానీ, దాన్ని నెలవంక బొమ్మకు దాచుకోండి.

ప్రశ్న: సౌరకుటుంబాన్ని అసలు కొలతలతో, ఒక యూనిట్‌కు ఒక కిలోమీటరు చొప్పున కట్టాను. భూమి దగ్గర బాగానే ఉంది. నెప్ట్యూన్ దగ్గరికి కెమెరా తీసుకెళ్తే దాని చంద్రుడు ట్రైటన్ గెంతుతూ కదులుతున్నాడు. ఇది గ్రాఫిక్స్ కార్డు లోపమా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: కార్డు నిర్దోషి. బ్లెండర్ స్థానాలను 32 బిట్ల దశాంశ సంఖ్యలుగా దాచుకుంటుంది. వాటిలో నమ్మదగినవి దాదాపు ఏడు అంకెలే. నెప్ట్యూన్ దూరం దాదాపు 450 కోట్ల కిలోమీటర్లు. అంత పెద్ద సంఖ్య దగ్గర ఈ పద్ధతిలో పక్కపక్కన ఉండగల రెండు విలువల మధ్య ఎడం 512 కిలోమీటర్లు. ట్రైటన్ వ్యాసమే 2,700 కిలోమీటర్లు. అంటే మీ ట్రైటన్ తన వ్యాసంలో అయిదో వంతు పొడవున్న మెట్లమీద గెంతుతున్నాడు. యూనిట్‌ను మార్చి కోటి కిలోమీటర్లు చేసినా ప్రయోజనం లేదు, ఏడు అంకెలు ఏడు అంకెలే.

మందు ఏమిటంటే, కెమెరా ఎక్కడ ఉంటే అక్కడే మూలబిందువు ఉండాలి. స్థానాలను పైథాన్‌లో 64 బిట్ల సంఖ్యలతో లెక్కించి, వాటిలోంచి కెమెరా స్థానాన్ని అక్కడే తీసేసి, మిగిలిన తేడాను మాత్రమే బ్లెండర్‌కు ఇవ్వండి. కెమెరా ప్రయాణించదు, లోకమే దానివైపు వస్తుంది. ఖగోళం కోసమే పుట్టిన ఓపెన్‌స్పేస్, గయా స్కై వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ చిక్కును తమంతట తామే చూసుకుంటాయి. సౌరకుటుంబంలో ఊరికే తిరిగి రావాలనుకుంటే వాటినే వాడండి. బ్లెండర్ అవసరమయ్యేది వెలుగునూ, కెమెరా కదలికనూ, ప్రతి ఫ్రేమునూ మీ చేతుల్లో ఉంచుకోవాలనుకున్నప్పుడు.

అసలు కొలతలతో కట్టాలన్న పట్టుదలను కూడా ఒకసారి తూచి చూసుకోండి. సూర్యుణ్ణి మీటరు వ్యాసమున్న బంతిగా చేసి ధవళేశ్వరంలో పెడితే, భూమి 107 మీటర్ల దూరంలో తొమ్మిది మిల్లీమీటర్ల గింజ అవుతుంది. నెప్ట్యూన్ 3.2 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. సూర్యుడి తరవాత మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా దాదాపు 29,000 కిలోమీటర్ల అవతల, అంటే భూగోళం వ్యాసానికి రెండు రెట్లకు మించిన దూరంలో ఉండాలి. ఇంత ఖాళీని ఏ తెరా చూపించలేదు. గ్రహాల సైజును పెంచో, దూరాలను కుదించో చూపించక తప్పదు, ఏది చేశారో ప్రేక్షకుడికి చెప్పక కూడా తప్పదు.

ప్రశ్న: మా అబ్బాయి ఈ పనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలంటున్నాడు. నిజంగా అవసరమా?
– గృహిణి, తణుకు

జవాబు: అవసరం లేదమ్మా. బ్లెండర్ పూర్తిగా ఉచితం. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడినప్పుడు, 2002లో వాడుకరులు లక్ష యూరోలు చందా వేసుకుని మరీ దాన్ని విడిపించి అందరిదీ చేశారు. నక్షత్రాల పట్టికలు కూడా డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. ఖర్చు పెట్టదలిస్తే కంప్యూటర్‌లో మెమరీ పెంచండి.

ప్రశ్న: యూట్యూబ్‌లో నీహారికల లోపలికి దూసుకెళ్లే వీడియోలు చూస్తుంటాను. ఫొటో ఒక్కవైపు నుంచే తీస్తారు కదా, మరి లోతు ఎక్కడినుంచి వస్తుంది? అదంతా కల్పనేనా?
– పాఠకురాలు, కాకినాడ

జవాబు: సగం కొలత, సగం కల్పన. ఏ సగం ఏదో వీడియో చెప్పదు, మీ అనుమానం అక్కడే సబబు.

వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నీహారికను మనం ఒకే చోటునుంచి చూస్తున్నాం. భూమి సూర్యుడి చుట్టూ ఎంత తిరిగినా ఆ వాయువు మడతల్లో ఏది ముందో ఏది వెనకో ఫొటోనుంచి తేలదు. చిత్రకారులు నీడలను, ముందున్న ధూళి వెనకటి వెలుగును అడ్డుకోవడాన్ని, మధ్యలోనూ వెనకా ఉన్న నక్షత్రాల దూరాలను ఆధారం చేసుకుని లోతును ఊహిస్తారు. అన్నిటికన్నా గట్టి ఆధారం వేగం. వాయువు మనవైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నది దాని వర్ణపటంలో తెలుస్తుంది. దాన్ని బట్టి పొరలను కొంతవరకు విడదీయవచ్చు. ఐరోపా దక్షిణ వేధశాల (ఈఎస్ఓ) వారు మ్యూస్ అనే పరికరంతో గరుడ నీహారికలోని స్తంభాలను 2015లో ఇలాగే పరిశీలించి, ఏ స్తంభం ముందుకు వాలిందో, ఏది వెనకకు వాలిందో చెప్పారు.

వేగాన్ని లోతుగా చూపించడంలో ఉన్న ప్రమాదాన్ని ఇక్కడే వివరించాలి, ఎందుకంటే బ్లెండర్ వాడేవారు అందరూ ఏదో ఒకరోజు ఇందులో పడతారు. పుణెకు ఉత్తరాన నారాయణగావ్ దగ్గర 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న జీఎంఆర్‌టీ వంటి రేడియో దుర్భిణి, హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల తరంగాన్ని పట్టి, ఒక గెలాక్సీని డేటా క్యూబ్‌గా ఇస్తుంది. క్యూబ్ అన్నారు కదా అని దాన్ని వాల్యూమ్‌గా మార్చి బ్లెండర్‌లో పెడితే, పొగలాంటి అందమైన ఆకారం ఒకటి గిరగిరా తిరుగుతుంది. కానీ ఆ ఘనానికి రెండు భుజాలే ఆకాశంలోని స్థానాలు, మూడోది వేగం. గుండ్రంగా తిరుగుతున్న చదునైన పళ్లెం లాంటి గెలాక్సీ ఆ ఘనంలో మెలితిరిగిన పట్టీలా కనబడుతుంది. మనవైపు వచ్చే అంచు ఒక కొసకు, దూరంగా పోయే అంచు మరో కొసకు వెళ్తాయి. పొగ అనుకుని చూసినవారికి ఆ గెలాక్సీ విరిగిందనిపిస్తుంది. నిజానికి అది గెలాక్సీ భ్రమణాన్ని చదవడానికి మంచి పటం, ఆకారాన్ని చదవడానికి పనికిరాని బొమ్మ.

గెలాక్సీల సర్వేల్లోనూ ఇదే జరుగుతుంది. అక్కడ దూరాన్ని రెడ్‌షిఫ్ట్ (వెలుగు ఎరుపువైపు జరగడం) నుంచి, అంటే వేగం నుంచే తీస్తారు. గుంపులోని గెలాక్సీలు లోలోపల అటూ ఇటూ పరుగెత్తుతూ ఉంటాయి కాబట్టి, ఆ పరుగు దూరంలో కలిసిపోయి, గుంపు మనవైపు చాచిన వేలిలా సాగుతుంది. నరసాపురం మాస్టారి విద్యార్థులు గీసిన కర్రకూ దీనికీ రూపం ఒకటే, కారణం వేరు. అక్కడ కొలతలో తడబాటు, ఇక్కడ కొలత సరైనదే గానీ దాన్ని మనం దూరంగా చదవడంలో తడబాటు.

కాబట్టి మీరు వీడియో చూస్తున్నప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. కెమెరా పక్కకు తిరిగినప్పుడు కనిపించే వెనకవైపు వివరాలు, ముందువైపు ఫొటోలో ఉన్నంత స్పష్టంగా ఉంటే, ఆ వెనకవైపును ఎవరో చేతితో చెక్కారు. నిజాయితీగా చేసినవారు ఆ భాగాన్ని మసకగానో ఖాళీగానో వదిలేస్తారు.